ఒక్క మాటా, పూర్తి ప్రశ్నా: కొత్త సైటుకు ఏ కీవర్డ్ మేలు?

వంటల సైటు కొత్తగా తెరిచి, ఆవకాయ మీద ఒక పేజీ రాస్తున్నారనుకుందాం. కీవర్డ్‌గా, అంటే జనం గూగుల్‌లో వెతికే మాటగా, ‘ఆవకాయ’ అన్న ఒక్క మాటను పట్టుకోవాలా, ‘కిలో మామిడికాయ ముక్కలకు కారం ఎంత’ లాంటి పూర్తి ప్రశ్నను పట్టుకోవాలా? కొత్తవారికి రెండోదే మేలని గట్టిగా చెబుతాను.

ఒక్క మాటతో వెతికేవారే ఎక్కువ, కాదనను. కానీ వాళ్లకు ఏం కావాలో ఆ మాటలో లేదు. ఒకరు కొనాలనుకుంటారు, ఒకరు పెట్టాలనుకుంటారు, ఇంకొకరు అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనుకుంటారు. పైగా అక్కడ ఏళ్ల తరబడి పాతుకుపోయిన పెద్ద సైట్లతో, వీడియోలతో, పచ్చళ్ల దుకాణాలతో పోటీ పడాలి. ప్రశ్న అడిగిన మనిషి సంగతి వేరు. అప్పటికే కాయలు కొట్టించి, ముక్కలు తుడిచి, జాడీ ఆరబెట్టుకుని కూర్చున్నారు. కొలత సరిగ్గా చెప్పిన పేజీ దొరికితే చివరిదాకా చదువుతారు. వెతికేవారు తక్కువే అయినా, వచ్చినవారు మీకోసమే వచ్చినట్టు.

సరే, కీవర్డ్ దొరికింది. దాన్ని ఎన్నిసార్లు రాయాలి? ఈ రెండు రకాలూ చూడండి.

‘ఆవకాయ తయారీ విధానం కోసం వెతుకుతున్నారా? ఈ ఆవకాయ తయారీ విధానం చాలా సులభం. మా ఆవకాయ తయారీ విధానం చదవండి.’

‘కిలో ముక్కలకు కారం, ఉప్పు, ఆవపిండి ఎంతెంత పడతాయో ముందు చూద్దాం. ఆవకాయ పెట్టేటప్పుడు ముక్కల్లో తడి ఉంటే బూజు పడుతుంది.’

మొదటిదానిలో కీవర్డ్ మూడుసార్లు ఉంది, సమాచారం ఒక్క ముక్క కూడా లేదు. ఇలా కుక్కడాన్ని గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో పేరుపెట్టి మరీ తప్పుపట్టింది. 2012లో పెంగ్విన్ అనే పేరుతో గూగుల్ తన సెర్చ్‌లో తెచ్చిన మార్పు ఇలాంటి పేజీలను కిందికి తోసింది. ‘వందకు ఇన్ని మాటలు కీవర్డ్ ఉండాలి’ అని ఎవరైనా చెబితే నమ్మకండి, గూగుల్ అలాంటి లెక్కేదీ ఇవ్వలేదు. తెలుగులో ఇంకో చిక్కుంది. మాటకు విభక్తి చేరాలి: ఆవకాయలో, ఆవకాయకు, ఆవకాయని. కీవర్డ్ చెడిపోతుందేమోనన్న భయంతో ప్రత్యయాలు తీసేసి రాస్తే వాక్యం కుంటుతుంది. ఆ భయం అక్కర్లేదు. మాటల మధ్య సంబంధాన్ని బట్టి ప్రశ్నను అర్థం చేసుకునే బెర్ట్ అనే వ్యవస్థను గూగుల్ 2019లో తెచ్చి, ఆ ఏడాది చివరికే తెలుగుతో సహా డెబ్భైకి పైగా భాషలకు విస్తరించింది. టైటిల్‌లో ఒకసారి, మొదటి పేరాలో ఒకసారి, ఫోటో వివరణలో పనికొస్తే ఇంకోసారి రాయండి. మిగతాచోట్ల తెలుగును తెలుగులా నడవనివ్వండి.

పేజీలో పాఠకులకు కనిపించకుండా కీవర్డ్‌లు రాసే మెటా కీవర్డ్స్ అనే పెట్టె నింపడానికి గంటలు పెట్టకండి. ర్యాంకింగ్‌కు, అంటే ఏ పేజీని పైన చూపాలో తేల్చడానికి, దాన్ని వాడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

తెలుగు లిపా, ఇంగ్లీషు అక్షరాల తెలుగా? ఇక్కడ తీర్పు అంత సులువు కాదు, ఎందుకంటే మనవాళ్లు రెండు విధాలా వెతుకుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే ఆవకాయ చివర ఒకరు వై, ఏ పెడతారు, ఒకరు ఐతో ఆపేస్తారు. అన్ని స్పెల్లింగులూ పేజీ అడుగున గుప్పించడం కుక్కడమే అవుతుంది. ఫోనులో తెలుగులో మాట్లాడి వెతికితే ప్రశ్న తెలుగు లిపిలోనే పడుతుంది, అదీ పూర్తి వాక్యంగా. అందుకే పేజీ తెలుగు లిపిలో రాసి, టైటిల్‌లో బాగా వాడుకలో ఉన్న ఒక్క స్పెల్లింగును చేర్చడం చాలు. లింకును మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టండి. తెలుగు లింకు కూడా పనిచేస్తుంది గానీ, వాట్సాప్‌లో పంపితే తరచూ శాతం గుర్తులతో చాంతాడంత సాగుతుంది.

కొన్ని వారాలయ్యాక గూగుల్ సైటు యజమానులకు ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనం తెరిచి, జనం ఏ మాటలతో మీ పేజీ దాకా వచ్చారో చూడండి. మీరు ఊహించని ప్రశ్నలు అక్కడ ఉంటాయి. ‘వెల్లుల్లి లేకుండా ఆవకాయ’ అన్న ప్రశ్నకు మీ పేజీ చాలాసార్లు కనిపించినా ఎవరూ నొక్కలేదంటే, ఆ పేజీలోనే ఉపశీర్షిక పెట్టి జవాబు రాయండి. ప్రతి చిన్న తేడాకూ కొత్త పేజీ తెరిస్తే మీ పేజీలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. మాగాయ, బెల్లం ఆవకాయ, పెసర ఆవకాయ, ఇలా వేర్వేరు పచ్చళ్లకు మంచి పేజీలు పోగయ్యాక వాటన్నిటికీ లింకులిచ్చే ‘ఆవకాయ’ పేజీ ఒకటి పెట్టుకోవచ్చు. ఆ ఒక్క మాట కోసం పోటీకి దిగాల్సింది అప్పుడే.