ఇంట్లో లినక్స్‌కి ఐఎస్‌డీఎన్: కార్డు మేలా, బయటి డబ్బా మేలా?

మొన్న మా మేనల్లుడు సత్యనారాయణపురం ఇంట్లో అటక మీది పాత పెంటియం దించి, మూత విప్పి, లోపలున్న ఐఎస్‌డీఎన్ (ఫోను లైను మీదే డిజిటల్‌గా ఇంటర్నెట్ కలిపే పాత పద్ధతి) కార్డు చూపించి "ఇదేంటి మావయ్యా?" అన్నాడు. నాకు ముందు ఫోను బిల్లు గుర్తొచ్చింది. కంప్యూటర్‌ని ఆ లైనుకి కలపడానికి లోపల పెట్టే కార్డా, బయటుండే టెర్మినల్ అడాప్టర్ డబ్బానా అని అప్పట్లో తెగ కొట్టుకుని చివరికి రెండూ వాడాను. తీర్పు ముందే చెప్పేస్తా, ఒక్క కంప్యూటరున్న ఇంటికి డబ్బానే మేలనిపించింది.

లైను రెండింటికీ ఒకటే. గోడకి ఎన్‌టీ1 అనే పెట్టె బిగించేవాళ్లు, 64 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) చానెళ్లు రెండు, కాల్ కలిపే సిగ్నళ్లకి 16ది ఒకటి. మోడెంలా కీచుమని అరవదు, ఒకటి రెండు సెకన్లలో కలుస్తుంది.

కార్డు చవక. ఎందుకంటే దానికి సొంత బుర్ర లేదు, ప్రోటోకాల్ (లైనుతో మాట్లాడే పద్ధతి) చాకిరీ అంతా కంప్యూటర్‌ని నడిపే లినక్సే చేయాలి. కార్డుని నడిపే హైసాక్స్ డ్రైవర్‌కి కార్డు రకం నంబరు, ప్రోటోకాల్ నంబరు (యూరప్ పద్ధతి యూరో ఐఎస్‌డీఎన్‌కి 2) చెప్పాలి, పాత ఐఎస్ఏ స్లాటు కార్డయితే ఐఆర్‌క్యూ (కార్డు కంప్యూటర్‌ని పిలిచే నంబరు) కూడా. ఫోను లైను మీద ఇంటర్నెట్ నడిపే మామూలు పీపీపీడీ ప్రోగ్రాం పనికిరాదు, ఐపీపీపీడీ అని వేరే ఉంది. జర్మనీలో ఐఎస్‌డీఎన్ బాగా వాడేవాళ్లు కాబట్టి అక్కడి లినక్స్ రకం సూసేలో యాస్ట్ అనే సెటప్ ప్రోగ్రాం ఇవన్నీ అడిగి తనే రాసిపెట్టేది, నేనేమో రెడ్ హ్యాట్ అనే ఇంకో రకంలో చేత్తో రాసుకుంటూ ఒక ఆదివారం తగలేశాను.

డబ్బాని కంప్యూటర్ వెనకుండే సీరియల్ పోర్టుకి తగిలిస్తే లినక్స్ దాన్ని మోడెమే అనుకుంటుంది. మోడెంకిచ్చే అవే ఏటీ కమాండ్లు, అదే పీపీపీడీ. కంప్యూటర్ పంపే అసింక్ పీపీపీని ఐఎస్‌డీఎన్ లైనుకి కావాల్సిన సింక్‌లోకి మార్చమనే కమాండ్ మాత్రం డబ్బాడబ్బాకీ వేరు, దాంతో వచ్చిన పుస్తకంలో వెతుక్కోవాలి. ఖరీదెక్కువ, పైగా ఇంకో అడాప్టరు, ఇంకో ప్లగ్గు. అసలు లోటు వేరే ఉంది. మామూలు సీరియల్ పోర్టు సెకనుకి 115200 బిట్లు దాటదు, ప్రతి బైటుకీ అంటించే స్టార్ట్, స్టాప్ బిట్లు పోను సెకనుకి 11,520 బైట్లే. ఒక చానెల్‌కి 8,000 కాబట్టి హాయిగా సరిపోతుంది, రెండూ కలిపితే 16,000 కావాలి, చానెల్‌కో కాల్ లెక్క, అంటే రెండో కాల్‌కి పూర్తి డబ్బులు కట్టి సగం కూడా వాడుకోలేం. రెండూ కలిపి 128 కావాల్సిందే అంటే, కార్డే కొనుక్కోవాల్సి వచ్చేది.

ఇక బిల్లు కథ. కార్డులో ఆటోడయల్ పెట్టాను, ఏ ప్రోగ్రాం బయటికి ప్యాకెట్ పంపబోయినా లైను దానంతటదే కలుస్తుంది, భలే అనుకున్నాను. అర్ధరాత్రి మెయిళ్లు పంపే సెండ్‌మెయిల్ ప్రోగ్రాం ఏదో పేరు వెతకడానికి డీఎన్ఎస్‌ని (పేర్లకి ఇంటర్నెట్ అడ్రసులు చెప్పేదాన్ని) అడిగేది, లైను కలిసేది, పనిలేదని తెగేది, కాసేపటికి మళ్లీ కలిసేది. ప్రతిసారీ కొత్త కాల్. చప్పుడు లేదు, లైటు లేదు, మేం నిద్రలో. ఆ బిల్లు చూశాక నాన్న నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. డయల్‌మోడ్ అనే సెట్టింగ్‌ని మాన్యువల్‌లో (మనం చెప్తేనే కలిసేలా) పెడితే పోయేదని తర్వాత తెలిసింది.

డబ్బాకి ముందువైపు లైట్లుంటాయి. వంటింట్లోంచే అమ్మ "ఒరేయ్, వెలుగుతోందిరా, కట్టేయ్" అనేది. స్విచ్చు తీసేస్తే ఏ ప్రోగ్రామూ ఏం చేయలేదు.

పాత కార్డుల డ్రైవర్లున్న ఐఎస్‌డీఎన్4లినక్స్‌ని 2019లో 5.3 కెర్నల్‌తో (లినక్స్ అసలు భాగం) తీసేశారు కూడా. డబ్బాని మాత్రం సీరియల్ పోర్టున్న ఏ లినక్స్‌కి ఇవాళ తగిలించి ఏటీ అని కొట్టినా ఓకే అంటుంది, నిన్న రాత్రే చూశాం.