బాడీ స్కానా, బిగించి వదలడమా?

ఒంట్లో బిగుతును గుర్తించడానికి రెండు సాధనలున్నాయి. మొదటిది బాడీ స్కాన్, అంటే ఒంటిని మనసుతో గమనించడం. ఇందులో దేన్నీ మార్చం. వెల్లకిలా పడుకుని కాలివేళ్ల నుంచి నడినెత్తి దాకా 20 నుంచి 45 నిమిషాలు గమనిస్తాం: దవడ బిగుసుకుందా, కడుపులో మెలిపెడుతోందా? 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన, ధ్యానంతో ఒత్తిడి తగ్గించుకునే శిక్షణలో ఇది ముఖ్యం. నిద్ర ముంచుకొస్తే కళ్లు తెరిచే చేయండి.

రెండోది బిగించి వదలడం. కండరాలను సడలించడానికి అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ రూపొందించిన పద్ధతికి ఇది పొట్టి రూపం. కండరాన్ని 5 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలి, 20 సెకన్లు ఆ తేడాను చూడాలి. పిడికిలితో మొదలుపెట్టండి, గోళ్లు అరచేతిలో దిగేంత బలం అక్కర్లేదు. ఊపిరి బిగబట్టొద్దు. పాదాన్ని కిందికి చాపితే పిక్క పట్టేయొచ్చు, వేళ్లను మోకాలి వైపు లాగండి. దెబ్బ తగిలిన చోటు వదిలేయండి.

ఒళ్లు ఏం చెబుతోందో బొత్తిగా తెలియనివాళ్లకు మా ఓటు రెండోదానికే. స్కాన్‌లో ఛాతీ దగ్గరకు రాగానే దడ పెరిగితే, పంటి బిగువున భరించకండి. లేచి కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, ఆపేయండి.