దున్న అంకె చూసి సూది వేయించడం: రెండు తరాల పెయ్యలు చూశాక

మాది రాజాం పక్క పల్లె. కొట్టంలో ఉన్నవన్నీ ముర్రా, గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెలకు ముర్రా దున్నలతో తరతరాలుగా కట్టించగా వచ్చినవి) గేదెలే. సూది అంటే దున్న వీర్యంతో చేసే కృత్రిమ గర్భధారణ, ఆ వీర్యం నింపిన సన్నని గొట్టమే స్ట్రా. దున్నల కేటలాగులో పేరు పక్కన బ్రీడింగ్ వాల్యూ అని, పాల విషయంలో ఆ దున్న వారసత్వం ఎంత మంచిదో చెప్పే ఒక అంకె ఉంటుంది. అది చూసి స్ట్రా ఎంచుకోవడం మొదలుపెట్టాక పుట్టిన పెయ్యలు ఈని, వాటి పెయ్యలు కూడా పాలకొచ్చాయి. అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. పద్ధతి పనిచేస్తుంది, కాకపోతే ఆశపెట్టినంత కాదు.

మా వైపు దున్న గొప్పదని చెప్పాలంటే ఇప్పటికీ "దాని తల్లి పూటకి ఇన్ని లీటర్లు" అంటారు. ఆ తల్లికి పెట్టిన చిట్టు, తెలగపిండి సంగతి ఎవరూ చెప్పరు. బ్రీడింగ్ వాల్యూ కట్టేటప్పుడు ఆ దున్నకి నలుగురి కొట్టాల్లో పుట్టిన కూతుళ్ల పాలు కొలిచి, మేత, పోషణ వల్ల వచ్చే తేడాను వీలైనంత తీసేస్తారు. జీనోమిక్ అంచనా అయితే కూతుళ్లు ఈనే దాకా ఆగక్కర్లేదు, డీఎన్‌ఏ చూసి ముందే చెబుతారు.

అసలు తిరకాసు సగం దగ్గర ఉంది. దున్న నుంచి దూడకు వచ్చేది సగమే. ఒక దున్నకి పాల అంకె 600 కిలోలు, ఇంకోదానికి 200 అని ఉంటే తేడా 400 కదా అని సంబరపడిపోతాం. కూతుళ్లలో సగటున కనిపించేది 200. దాన్ని ఒక ఈతలో పాలు లెక్కగట్టే 305 రోజులకు పంచితే రోజుకు ముప్పావు కిలో కూడా రాదు. అమెరికాలో మాంసం పశువులకు వాడే ఈపీడీలో (దూడల్లో కనిపించే తేడా ఎంతో చెప్పే అంచనా) ఈ సగం ముందే తీసేసి ఉంటుంది. వాళ్లు అక్కడ పాలకన్నా పుట్టుక బరువు, ఈత సులువు, ఎదుగుదల చూస్తారు. మన కేటలాగులో సగం మనమే చేసుకోవాలి.

అంకె పక్కనే ఉండే నమ్మక శాతం కూడా చదవాలి. అది తక్కువుంటే రేపు కూతుళ్లు పెరిగేకొద్దీ అంకె పైకీ పోవచ్చు, కిందికీ రావచ్చు. మాకు పాల డబ్బు వెన్న శాతం మీద వస్తుంది కాబట్టి నేను పాలు కొంచెం తక్కువున్నా వెన్న అంకె బాగున్న దున్నకే ఓటేస్తాను. ఒకే దున్న కూతుళ్లయినా మా కొట్టంలో ఒకటి బిందె నింపుతుంది, దాని చెల్లెలు చెంబుతో సరిపెడుతుంది. సగటు అంటే అదే మరి.

చిరాకు మాత్రం సరఫరాతోనే. కేటలాగులో నచ్చిన దున్న స్ట్రా, సూది వేసేవాళ్లు తెచ్చే క్యాన్‌లో ఉండదు. "ఇదీ మంచిదేనండీ" అని చేతికందిన స్ట్రా తీస్తారు. నేను ముందు టార్చి వేసి స్ట్రా మీద దున్న నంబరు చదువుతాను. పనయ్యాక ఖాళీ స్ట్రాని నోటుబుక్కులో టేపుతో అంటించేస్తాను. లేకపోతే నాలుగేళ్ల తర్వాత ఆ సూదికి పుట్టిన పెయ్య ఎదకొచ్చినప్పుడు తండ్రి సూదే దానికీ పడిపోతుంది.

ఒకటీ రెండూ గేదెలున్నవాళ్లు ఈ అంకెల కోసం తిరగక్కర్లేదు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రానికల్లా సూది పడేలా చూసుకోండి, ముందు చూలు నిలవాలి.