నల్గొండలో చదువుకునేవారికి ఇల్లు: ఊళ్లోనా, యూనివర్సిటీ దగ్గరా?

మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చి, హాస్టల్‌లో చోటు దొరకని విద్యార్థి ముందు సాధారణంగా మూడు దారులుంటాయి. నల్గొండ పట్టణంలో ఎవరి ఇంట్లోనైనా ఒక పోర్షన్ కిరాయికి తీసుకోవచ్చు. నలుగురు కలిసి అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ తీసుకోవచ్చు. లేదా 2007లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం ఉన్న నార్కట్‌పల్లి దారిలోనే, అన్నెపర్తి, ఎల్లారెడ్డిగూడెం వైపు గది చూసుకోవచ్చు. చాలామంది ఈ మూడింటి కిరాయిలను మాత్రమే పోల్చి నిర్ణయించుకుంటారు. ఈ జిల్లాలో మొదట అడగవలసింది నీళ్ల గురించి, తరువాత బస్సు గురించి. కిరాయి మూడో మాట.

ఇక్కడి భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ ఎన్ని జీవితాలను వంచిందో ఈ నేల మీద పుట్టినవారికి వేరే చెప్పనక్కర్లేదు. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్నది భారత ప్రమాణం. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి నల్గొండ పేరే స్థిరపడిందంటే సమస్య ఎంత పాతదో అర్థమవుతుంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైనకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. తాగడానికి క్యాన్ తెప్పించుకుంటామని చాలామంది ధీమాగా ఉంటారు గాని, అన్నం ఉడికేది, పప్పు ఉడికేది వంటగదిలోని నీళ్లతోనే, అవీ కడుపులోకే వెళ్తాయి. అందువల్ల ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంటగదిలోకి వచ్చేది కృష్ణా నీరా, బోరు నీరా, రెండూ ఒకే ట్యాంకులో కలుస్తున్నాయా అని ఓనరును నేరుగా అడగాలి. పట్టణంలోని ఇంట్లో నల్లా కనెక్షన్ ఉంటే ఆ నీళ్లను విడిగా పట్టుకునే వీలుంటుంది. అపార్ట్‌మెంట్‌లో పై ట్యాంకు అందరికీ ఒకటే కాబట్టి, అందులో ఏ నీరు ఎంత కలిసిందో కిరాయిదారుకు తెలిసే అవకాశం తక్కువ.

బస్సు విషయంలో 2023 డిసెంబరు 9 తరువాత లెక్క మారింది. మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక, ఛార్జీలు మిగులుతాయని అమ్మాయిలు ఊరి బయట గది తీసుకోవలసిన అవసరం లేదు. రామగిరి, క్లాక్ టవర్ పరిసరాల్లో ఉంటే ఆసుపత్రి, మందుల దుకాణం, కూరగాయల బజారు దగ్గరవుతాయి. చీకటి పడ్డాక రోడ్ల మీద మనుషులుంటారు. అబ్బాయిలు బస్‌పాస్ ఖర్చును కిరాయికి కలిపి చూసుకోవాలి. అలా కలిపినా రోజూ తరగతులకు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవారికి పట్టణమే మేలనిపిస్తుంది.

అయితే పట్టణంలో పోర్షనా, ఫ్లాటా? ఫ్లాట్‌లో నలుగురు పంచుకుంటే తలకు పడే కిరాయి తక్కువగా కనిపిస్తుంది. దానికి మెయింటెనెన్స్, అడ్వాన్సు, మధ్యలో ఒకరు వెళ్లిపోతే మిగిలినవారిపై పడే భారం తోడవుతాయి. పెళ్లికాని కుర్రాళ్లకు ఇవ్వవద్దని మిగతా ఫ్లాట్లవాళ్లు అభ్యంతరం చెప్పడమూ మామూలే. చదువు కోసం వచ్చిన పిల్లలను అలా గుమ్మంలోనే నిలిపేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. పోర్షన్‌లో ఓనరు పక్కనే ఉండటం కొందరికి ఇబ్బందే గాని, జ్వరం వచ్చిన రోజున పలకరించే మనిషి ఉండటం చిన్న విషయం కాదు.

పోర్షన్ తీసుకునేవారు కరెంటు మీటరు సంగతి ముందే తేల్చుకోవాలి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి, రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే ఇద్దరూ పై శ్లాబు ధర చెల్లించవలసి రావచ్చు. అంతకన్నా చిక్కు మరొకటుంది. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద ఓనరుకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు అందుతూ ఉండి, మీ వాడకం కలిసి ఆ నెల 200 దాటితే, ఆయన మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది; అక్కడ మొదలయ్యే మనస్పర్థ ఇల్లు ఖాళీ చేసేదాకా పోతుంది. వేరే మీటరున్న పోర్షన్‌కు కిరాయి కొంచెం ఎక్కువైనా ఒప్పుకోవచ్చు.

విశ్వవిద్యాలయం దగ్గరి గది ఎవరికి మేలంటే, రాత్రి పొద్దుపోయేదాకా ల్యాబ్‌లో ఉండే పరిశోధక విద్యార్థులకు, సొంత బండి ఉన్నవారికి. అక్కడ చదువుకు నిశ్శబ్దం దొరుకుతుంది, నడిచి వెళ్లి రావచ్చు. నీళ్ల సంగతి మాత్రం రెండింతలు జాగ్రత్తగా విచారించాలి. మిషన్ భగీరథ నీరు ఆ ఇంటి నల్లాకు రోజూ వస్తుందా, ఎంతసేపు వస్తుందో పక్కింటివారిని అడిగితే ఓనరు చెప్పినదానికన్నా సరైన జవాబు దొరుకుతుంది.

ఎక్కడ తీసుకున్నా ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి గనుక సాధారణంగా 11 నెలలకే రాసుకుంటారు. వేసవి సెలవుల్లో గది తాళం వేసి ఉన్న నెలలకు కిరాయి పూర్తిగా ఇవ్వాలా, సగమా, ఖాళీ చేసినప్పుడు రంగులకని అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు అన్నవి అందులోనే రాయించుకోవాలి.