గారె గింజల మందు: ట్రైల్ బాస్‌తో పదకొండేళ్లు

గిద్దెడు పట్టే గిన్నెలో సోలెడు పోస్తే పొర్లుతుంది. ట్రైల్ బాస్ అనే తుపాకి మందు మీద నా ఇష్టమంతా ఆ పొర్లడం దగ్గరే ఉంది.

మేం డాలస్ దగ్గర ఉంటాం. గరాజ్‌లో ఓ మూల ప్రెస్ బిగించుకుని పదకొండేళ్లుగా నా తూటాలు నేనే నింపుకుంటున్నాను. ఎక్కువగా .45 కోల్ట్, .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాలు. పాతకాలం రివాల్వర్లు, సీసం బులెట్లు, తక్కువ వేగం ఇష్టపడే నాలాంటివాళ్ల కోసమే చేసిన మందు ఇది. ఇప్పుడు తయారీ ఆగిపోయింది. ఏ తూటాకు ఎంత వెయ్యాలన్నది మాన్యువల్లోనే చూసుకోండి, నేను ఇక్కడ రాయను.

దీని గింజను భూతద్దం కింద పెడితే అచ్చం మినప గారె. బూడిద రంగు, మధ్యలో చిల్లు. ఆ చిల్లు వల్ల బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. వేరే మందు పౌండు (16 ఔన్సులు) పట్టే సైజు డబ్బాలో ఇది 9 ఔన్సులే వస్తుంది. కొత్తలో డబ్బు పెట్టి గాలి కొన్నట్టే అనిపించింది.

ఆ గాలి విలువ ఒక రాత్రి తెలిసింది. పదిన్నర అయి ఉంటుంది. యాభై కేసులు (మందు పోసి పైన బులెట్ బిగించే ఇత్తడి గుల్లలు) చెక్క బ్లాకులో నిలబెట్టి, ఒక్కోదాంట్లో మందు పోసుకుంటూ వస్తున్నాను. గుంటూరు నుంచి అమ్మ ఫోన్. అక్కడ పొద్దున్న తొమ్మిది. "తిన్నావా నాన్నా?" అని మొదలుపెట్టి మేనత్తగారి మోకాలి ఆపరేషన్ దాకా వెళ్లింది. ఇరవై నిమిషాల తర్వాత తిరిగొచ్చి, ఆపిన చోటు గుర్తుందనుకుని మొదలుపెట్టాను. మొదటి కేసులో పొయ్యగానే గింజలు అంచు దాటి జలజలా బ్లాకు మీద పడ్డాయి. అందులో అప్పటికే మందు ఉంది.

.45 కోల్ట్ 1873 నాటి తూటా. పాతకాలపు నల్ల తుపాకి మందు కోసం చేసిన పెద్ద కేసు. అందులో మామూలు పొగరాని మందు కొలత ప్రకారం వేస్తే అడుగున కాస్త కనిపిస్తుంది, అంతే. పొరపాటున రెండోసారి వేసినా ఇంకా చోటు మిగులుతుంది. పైన బులెట్ చక్కగా కూర్చుంటుంది. తేడా తెలిసేది కాల్చినప్పుడే, అప్పుడు సిలిండర్ పగిలి చేతిలోకి రావచ్చు. ఆ రాత్రి నా బల్ల మీద అలాంటి మందే ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి. కింద పడిన గింజలు ఒక్కొక్కటీ ఏరుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఆ వారమే ఇంకో రెండు డబ్బాలు కొన్నాను.

ఇంతవరకు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఈ గారెలు కొలతపరికరం గొట్టంలోంచి సాఫీగా జారవు. ఒకదాని మీద ఒకటి అడ్డం పడి ఇరుక్కుంటాయి. అప్పుడు ఒక కేసుకు అరకొరగా పడుతుంది, ఇరుక్కున్నదంతా తర్వాతి కేసులోకి దిగుతుంది. రెండేళ్ల తర్వాత సరిగ్గా అదే జరిగింది. ఒక కేసు పొర్లింది. మంచిదే, మందు మళ్లీ నన్ను హెచ్చరించిందని సంబరపడి ఆ కేసు ఖాళీ చేసి కొత్తగా పోశాను. దానికంటే ముందు పోసిన కేసు వైపు కన్నెత్తి చూడలేదు.

అరకొరగా పడిన ఆ తూటా షూటింగ్ రేంజ్‌లో పేలలేదు, "తుస్" మంది. పక్క లేన్ పెద్దాయన నా భుజం పట్టుకుని ఆపకపోతే వెంటనే ఇంకోటి కాల్చేవాణ్ణి. బులెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉంది. దాని వెనక రెండోది వెళ్లి ఉంటే బ్యారెల్ ఉబ్బిపోయేది. ఇంటికొచ్చి ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టి బయటికి తీశాను. ఎక్కువ పడితే చెప్పే మందు, తక్కువ పడితే చెప్పదు. అప్పటి నుంచి గొట్టాన్ని ప్రతిసారీ వేలితో తడతాను, బులెట్ పెట్టేముందు బ్లాకంతా టార్చి వేసి చూస్తాను. ఏదైనా పొర్లితే అంతకుముందు పోసిన కేసునూ తూకం వేస్తాను.

ఇప్పుడు నా దగ్గర ఒకటిన్నర డబ్బా ఉంది. .38 కోసం టైట్‌గ్రూప్ అనే ఇంకో మందుకి మారాను. సాఫీగా జారుతుంది, కానీ కేసు అడుగున ఇంతే కనిపిస్తుంది కాబట్టి ఫోన్ ఇంట్లో పెట్టి మరీ కూర్చుంటాను. .45-70 రైఫిల్లో తక్కువ వేగం తూటాలకు ఆక్యురేట్ 5744 అనే మందు బాగానే ఉంది. ఒకదాని కొలత ఇంకోదానికి చచ్చినా వాడకండి. మిగిలిన ట్రైల్ బాస్ మాత్రం కొత్తగా నేర్చుకునేవాళ్ల .45 కోల్ట్ తూటాలకే. మా ఆవిడ మొదటిసారి కాల్చింది వాటితోనే. తుపాకి ఎగిరిపడకపోయేసరికి "ఇంతేనా?" అని ఇంకో ఐదు అడిగి తీసుకుంది. ఇంకొంచెం పట్టిద్దామని బులెట్‌తో ఈ మందును అదిమి నొక్కడం మాత్రం వద్దు. తయారీదారులే వద్దన్నారు, గారె విరిగితే కాలే తీరు మారుతుంది.

పాత డబ్బాలు మూడింతల రేటుకు అమ్ముతున్నారు. నెలకు వంద తూటాలు కూడా కాల్చని నాకు అంత అవసరం లేదు. పైగా ఆ డబ్బా ఎవరి గరాజ్‌లో ఎన్ని ఎండాకాలాలు ఉడికిందో తెలియదు. వేరే మందు డబ్బా ఒకటి మా గరాజ్‌లోనే అలా పాడైంది. మూత తీస్తే ఆసిడ్ ఘాటు, గింజల మీద తుప్పు రంగు పొడి. పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేశాను. ట్రైల్ బాస్‌ను మాత్రం ఇంట్లో చల్లగా ఉండే అల్మారాలోకి మార్చి తాళం వేశాను. నెలకోసారి మూత తీసి వాసన చూస్తున్నాను, ఇప్పటివరకైతే కొత్తదానిలాగే ఉంది.