షటిల్ మోడల్ మీద ఎనామెల్ వాష్: గ్రే సీసా కొనండి, బ్లాక్ తర్వాత చూద్దాం

టామియా ప్యానెల్ లైన్ యాక్సెంట్ కలర్ అంటే మోడల్ మీద చెక్కిన గీతల్లోకి పారి వాటిని పైకి తేల్చే పలచటి ఎనామెల్ రంగు, దీన్నే వాష్ అంటారు. 40 మి.లీ. సీసాలో వస్తుంది, మూతకే సన్న బ్రష్ ఉంటుంది. ఫైటర్ జెట్ల మీద ఇది ఎలా పనిచేస్తుందో బోలెడుమంది రాశారు. 1/144 స్కేల్ స్పేస్ షటిల్ మోడళ్ల మీద చాలాకాలంగా వాడుతున్న అనుభవంతో రాస్తున్నదిది. షటిల్ దగ్గరికొచ్చేసరికి లెక్క వేరు.

అసలు ఆర్బిటర్ (రెక్కలున్న షటిల్ ఓడ) కింది భాగంలో వేడిని ఆపే ఒక్కో టైల్ సుమారు 15 సెం.మీ. ఉంటుంది. 1/144లో అది మిల్లీమీటరు. టైల్స్ మధ్య అసలు సందు మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. కిట్‌లో చెక్కిన గీత 0.15 మి.మీ. ఉందనుకుంటే, నిజం ఓడ మీద అది రెండు సెంటీమీటర్ల పైమాటే. అంటే గీత ముందే లావు. దాంట్లో బ్లాక్ పోస్తే తెల్లటి పైభాగం కిటికీ గ్రిల్‌లా తయారవుతుంది. గ్రే పోస్తే గీత ఉందని తెలుస్తుంది, కొట్టొచ్చినట్టు కనపడదు. తెల్లభాగానికి ఆ గ్రే కూడా ఎక్కువే: ఐదు చుక్కల వాష్‌కి ఐదు చుక్కల ఎక్స్-20 ఎనామెల్ థిన్నర్ కలిపితే సరిగ్గా కుదురుతుంది. బ్లాక్ పనికొచ్చేది ల్యాండింగ్ గేర్ గుంతల్లో, ఇంజిన్ల మొదట్లో.

బేస్ రంగుల్లో అచ్చ తెలుపు, అచ్చ నలుపు వాడకండి. తెలుపులో పదో వంతు లేత గ్రే కలపండి. కింది టైల్స్‌కి ఎక్స్‌ఎఫ్-69 నేటో బ్లాక్ సరిపోతుంది. నల్లటి అడుగు మీద గీతలు కనపడాలంటే వాష్ బేస్ కంటే లేతగా ఉండాలి కాబట్టి అక్కడా పనిచేసేది గ్రేనే. ముక్కు కొన, రెక్కల ముందు అంచులు వేరే పదార్థం. వాటికి కాస్త గోధుమ కలిసిన గ్రే వేయాలి. టైల్స్ రంగే పులిమితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఆ పైన గ్లాసీ క్లియర్ (మెరిసే పారదర్శక పూత) తప్పనిసరి. ఎక్స్-22 వేసి కనీసం 24 గంటలు వదిలేయండి, వానాకాలమైతే రెండు రోజులు. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తులు) మీద కూడా ఒక పూత వేయాలి, లేకపోతే అంచు కిందికి థిన్నర్ దిగుతుంది. సీసాను నిమిషంపాటు బాగా ఊపండి. రంగు అడుగున పేరుకుని ఉంటుంది, ఊపకపోతే మురికినీళ్లే వస్తాయి. మూత బ్రష్‌తో కాకుండా చాలా సన్నటి 000 బ్రష్ కొనతో గీతలు కలిసే చోట తాకించండి. వాష్ తనంతట తానే గీతల వెంట పాకుతుంది. పాకడం ఆగిందంటే అక్కడ క్లియర్ సరిగా పడలేదన్నమాట.

ఇరవై నిమిషాలాగి, ఇయర్‌బడ్‌ను ఎక్స్-20లో ముంచి, టిష్యూ మీద ఒత్తి, దాదాపు పొడిగా అయ్యాకే తుడవండి. తడి బడ్ గీతలోని రంగును కూడా లాగేస్తుంది. తుడిచే దిశ ముక్కు నుంచి తోకకు. యుద్ధ ట్యాంకుల మోడళ్లు చేసి అలవాటైన చెయ్యి పైనుంచి కిందికి చారలు లాగుతుంది. లాంచ్ ప్యాడ్ మీద షటిల్ నిలువుగా నిలబడేది, కాబట్టి వాననీళ్లు జారింది ముక్కు నుంచి తోకవైపే. తిరిగొచ్చేటప్పుడు ముక్కు సుమారు 40 డిగ్రీలు పైకెత్తి వాతావరణంలోకి దిగేది. అందుకే పక్క గోడల మీద వేడి మరకలు వెనక్కి, కాస్త పైకి వాలి ఉంటాయి. డల్లెస్ విమానాశ్రయం దగ్గరి ఉద్వార్-హేజీ సెంటర్ మ్యూజియంలో ఉన్న డిస్కవరీ షటిల్ 39 ప్రయాణాల మరకలతోనే నిలబడి ఉంది. వర్జీనియాలో మన తెలుగువాళ్లకి కొదవలేదు. ఎవరైనా వెళ్తే పక్క గోడల ఫోటోలు దగ్గరగా తీయించుకోండి, మోడల్‌ని వాడి పాతబడినట్టు చూపించే ఏ వెదరింగ్ వీడియో కంటే అవే నయం.

ఈ వాష్‌తో అసలు ప్రమాదం ప్లాస్టిక్ పగలడం. ఇది ఏ కంపెనీ ఎనామెల్ వాష్‌కైనా ఉన్నదే. థిన్నర్ పూత లేని ప్లాస్టిక్‌లోకి ఇంకి, బిగుతుగా ఉన్న చోట పగులు తెస్తుంది. పేలోడ్ బే (సరుకు గది) తలుపుల కీళ్లు, గేర్ కాళ్లు, బలవంతంగా నొక్కి అతికించిన రెక్క మొదళ్లు ముందు పోతాయి. పైన పూత బాగానే ఉన్నా, సందులోంచి లోపలి వైపుకి కారితే అంతే. అప్పటికప్పుడు కనపడకపోవచ్చు, కొన్ని గంటలకు బయటపడుతుంది. అందుకే అలాంటి చోట్ల లోపలి వైపు కూడా ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) కొట్టి, వాష్ చుక్క మాత్రమే పెట్టాలి. క్లిక్ చేసి బిగించే ఏబీఎస్ అనే ప్లాస్టిక్ భాగాలకైతే వాడకపోవడమే మంచిది.

వాష్‌తో రానిది ఒకటుంది: టైల్స్ మధ్య రంగు తేడా. వాడిన టైల్స్ గ్రేకి తిరుగుతాయి, కొత్తగా మార్చినవి నల్లగా ఉంటాయి. అడుగున ఒక ముప్ఫై నలభై టైల్స్ ముదురు నలుపుతో నింపండి, గేర్ తలుపుల అంచుల్లో గుంపులుగా, మిగతా చోట్ల అరుదుగా. సమదూరంలో పెడితే చదరంగం బల్లే. దీనికి వాష్ కంటే ముందే, బేస్ ఆరాక టైమివ్వండి. అన్నిటికంటే ఓపిక పట్టేదీ, ఫలితం ఎక్కువ కనపడేదీ ఇదే.

చివరి మ్యాట్ క్లియర్ (మెరుపు లేని పారదర్శక పూత) వాష్ ముదురును కాస్త తగ్గిస్తుంది, కాబట్టి తుడిచేటప్పుడు ఒక మెట్టు ఎక్కువే ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల జల్లు పడే రోజున మ్యాట్ స్ప్రే చేస్తే నల్లటి అడుగు తెల్లగా పొగబారుతుంది. ఆరుతున్న పూతలో తేమ చిక్కుకోవడమే కారణం. పూత లాకర్ రకానిదైతే దాని లెవలింగ్ థిన్నర్ (నెమ్మదిగా ఆరే థిన్నర్) పలచగా చిమ్మితే చాలావరకు పోతుంది.

ఆరెంజ్ ఎక్స్‌టర్నల్ ట్యాంక్‌కి (షటిల్‌కి తగిలించిన పెద్ద ఇంధన ట్యాంకు) మాత్రం ఈ సీసా తీయకండి. దానిపై పూసిన ఫోమ్‌కి గీతలే లేవు, ఎండకి మచ్చలుగా ముదురుతుంది. ఆయిల్ కలర్ చుక్కలు పెట్టి పొడి బ్రష్‌తో కలిపేయడమే దానికి దారి. 1981లో ఎగిరిన మొదటి రెండు మిషన్లు చేస్తుంటే ఆ గొడవా లేదు, ఆ ట్యాంకులకి తెల్ల రంగు వేశారు.