ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ టెంప్లేట్లు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఎక్స్‌ఎంఎల్ ఫైల్లోని ఏ ఎలిమెంటు (ట్యాగూ, దాని లోపలిదీ) బయటికి రావాలి, ఏది ఆగిపోవాలి, ఏది రూపం మార్చుకోవాలి అన్నది తేల్చడానికి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ (ఎక్స్‌ఎంఎల్‌ను మరో రూపంలోకి మార్చే భాష) టెంప్లేట్లను, అంటే ఏ భాగాన్ని ఏం చేయాలో చెప్పే నియమాలను, మించిన పనిముట్టు నాకింకా కనబడలేదు. 1999 నాటి 1.0 వెర్షన్‌తోనే ఈ పని చాలావరకు అయిపోతుంది. అయితే మనం రాసిన టెంప్లేట్ ఏం చేస్తుందో తెలిస్తే సరిపోదు. మనం ఏమీ రాయని చోట ప్రాసెసర్ (టెంప్లేట్లను నడిపే ప్రోగ్రాం) ఏం చేస్తుందో కూడా తెలియాలి. చిక్కులన్నీ అక్కడే పుడతాయి.

ఒక్క టెంప్లేట్ కూడా లేని స్టైల్‌షీట్‌తో (టెంప్లేట్లు రాసుకునే ఫైలు) ఏదైనా ఫైలును నడిపి చూడండి. ట్యాగులన్నీ పోయి టెక్స్ట్ మొత్తం వరసగా వచ్చి పడుతుంది. ఇది బిల్టిన్ టెంప్లేట్ల (ప్రాసెసర్‌లో ముందే ఉండేవాటి) పని. ఎలిమెంటు ఎదురైతే దాని పిల్లల్లోకి దిగుతాయి, టెక్స్ట్ ఎదురైతే ఉన్నదున్నట్టు రాసేస్తాయి, కామెంట్లను వదిలేస్తాయి. అప్లై-టెంప్లేట్స్ అంటే టెంప్లేట్లను వర్తింపజేయమనే ఆదేశం, వేటికో చెప్పేది సెలెక్ట్. సెలెక్ట్ లేని అప్లై-టెంప్లేట్స్ పిల్లలనే ఎంచుకుంటుంది. ఆట్రిబ్యూట్ (ట్యాగు లోపల పేరు, విలువగా రాసేది) పిల్లల లెక్కలోకి రాదు కాబట్టి అది బయటికి రాదు. అడగని మాటలు ఔట్‌పుట్‌లోకి ఎలా వచ్చాయని తల పట్టుకున్నప్పుడు ముందు చూడాల్సింది ఇక్కడే.

నేను ఏ మార్పిడినైనా ఐడెంటిటీ టెంప్లేట్‌తోనే మొదలుపెడతాను. మ్యాచ్‌లో (టెంప్లేట్ దేనికి వర్తించాలో చెప్పేచోట) "@*|నోడ్()", అంటే అన్ని ఆట్రిబ్యూట్లూ, నోడ్లూ (ఎలిమెంటు, టెక్స్ట్ లాంటి భాగాలు), లోపల కాపీ, దాని లోపల అదే సెలెక్ట్‌తో అప్లై-టెంప్లేట్స్. అంతే, డాక్యుమెంటు మొత్తం యథాతథంగా వస్తుంది. ఆపైన మారాల్సినవాటికి మాత్రమే ఒక్కొక్క టెంప్లేట్ చేర్చుకుంటూ పోవాలి. "గమనిక" ఎలిమెంటు అక్కర్లేదా, మ్యాచ్‌లో "గమనిక" అని పెట్టి లోపల ఖాళీగా వదిలేయండి. ఎలిమెంటు, దాని కింద ఉన్నదంతా మాయమవుతుంది. "ధర"ను "వెల"గా మార్చాలా, "ధర"కు టెంప్లేట్ రాసి, లోపల "వెల" ట్యాగు పెట్టి, దాని మధ్యలో మళ్లీ "@*|నోడ్()" సెలెక్ట్‌తో అప్లై-టెంప్లేట్స్ పిలవండి. ఆ సెలెక్ట్ మరిచిపోతే పాత ఆట్రిబ్యూట్లు చడీచప్పుడు లేకుండా రాలిపోతాయి. ఎర్రరేమీ రాదు కాబట్టి ఇది పట్టుబడటం కష్టం. కొత్త ఆట్రిబ్యూట్ చేర్చాలనుకుంటే, టెక్స్ట్‌గానీ పిల్ల ఎలిమెంటుగానీ రాయకముందే చేర్చాలి. తర్వాత చేరిస్తే ఎర్రరు.

ఎలిమెంటును తీసేసినా దాని చుట్టూ ఉన్న ఖాళీ టెక్స్ట్ నోడ్లు మిగిలి, ఔట్‌పుట్‌లో ఖాళీ లైన్లు కనబడతాయి. స్ట్రిప్-స్పేస్‌కు "*" (అన్ని ఎలిమెంట్లూ) ఇస్తే అవి పోతాయి గానీ, పేరాలో పక్కపక్కనే ఉన్న రెండు బోల్డ్ మాటల మధ్య ఖాళీ కూడా పోయి మాటలు అతుక్కుంటాయి. టెక్స్ట్, ట్యాగులు కలిసి ఉండే ఎలిమెంట్లను ప్రిజర్వ్-స్పేస్‌లో పేరుపేరునా రాస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ఒకే నోడ్‌కు రెండు టెంప్లేట్లు సరిపోతే ప్రయారిటీ తేలుస్తుంది, పెద్ద అంకె ఉన్నది గెలుస్తుంది. "*", "నోడ్()" లాంటివాటికి మైనస్ 0.5, ఉత్త పేరుకు 0, కండిషన్ లేదా పాత్ ఉన్నదానికి 0.5. అందుకే "గమనిక" టెంప్లేట్ ఐడెంటిటీని అడక్కుండానే ఓడిస్తుంది. కానీ "అధ్యాయం/గమనిక", "గమనిక[@రకం]" రెండూ 0.5 దగ్గరే ఆగుతాయి. పాత్ ఎంత పొడవున్నా, కండిషన్లు ఎన్నున్నా అంకె పెరగదు. అప్పుడు చాలా ప్రాసెసర్లు ఫైల్లో చివర ఉన్నదాన్ని తీసుకుంటాయి. టెంప్లేట్ల వరస మారిస్తే ఫలితం మారిపోయే స్టైల్‌షీట్‌ను నమ్మలేం. ప్రయారిటీ ఆట్రిబ్యూట్‌ను స్వయంగా రాయడమే మేలు.

నేమ్‌స్పేస్ (ఒకే పేరున్న ఎలిమెంట్లు కలిసిపోకుండా ఇచ్చే గుర్తింపు) మాత్రం నిజంగా ఓపిక తినేసేది. సోర్సులో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ (ప్రిఫిక్స్ లేని ట్యాగులకు వర్తించేది) ఉంటే "గమనిక" అన్న మ్యాచ్ దేనికీ తగలదు, ఎర్రరూ రాదు, ఐడెంటిటీ అన్నింటినీ కాపీ చేసేస్తుంది. 1.0లో అదే నేమ్‌స్పేస్‌కు స్టైల్‌షీట్‌లో ప్రిఫిక్స్ కట్టి వాడాలి. 2.0 నుంచి ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్ ఉంది. టెంప్లేట్ రాశాక ఏమీ మారలేదంటే ముందుగా సోర్సు మొదటి ట్యాగు చూడండి.

ఒకే ఎలిమెంటు విషయసూచికలో ఒకలా, లోపలి పేజీలో మరోలా రావాలంటే మోడ్ (టెంప్లేట్లను వేర్వేరు గుంపులుగా విడదీసే పేరు) వాడాలి. ఫర్-ఈచ్ (లూప్), చూజ్‌ (షరతు) లతో కూడా లాగించొచ్చు గానీ, ఎలిమెంట్లు ఏ వరసలోనైనా కలిసివచ్చే డాక్యుమెంటులో అది తొందరగా చేయి దాటిపోతుంది. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: బిల్టిన్ టెంప్లేట్లు ప్రతి మోడ్‌లోనూ ఉంటాయి, మీ ఐడెంటిటీ మాత్రం మీరు రాసిన మోడ్‌లోనే ఉంటుంది. విషయసూచిక మోడ్‌లో పుస్తకం టెక్స్టంతా దొర్లిపడటానికి కారణం ఇదే. ఆ మోడ్‌లో "టెక్స్ట్()"కు ఖాళీ టెంప్లేట్ పెట్టి, కావలసిన శీర్షికలను వాల్యూ-ఆఫ్‌తో (విలువను టెక్స్ట్‌గా రాసే ఆదేశం) తీసుకోండి.

2017లో వచ్చిన 3.0లో ఇదంతా పైకి కనబడేలా రాయొచ్చు. మోడ్ డిక్లరేషన్‌లో ఆన్-నో-మ్యాచ్‌కు (ఏ టెంప్లేటూ తగలనప్పుడు ఏం చేయాలో చెప్పేది) షాలో-కాపీ అంటే ఐడెంటిటీ, డీప్-స్కిప్ అంటే టెంప్లేట్ లేని ఎలిమెంటు దాని పిల్లలతో సహా ఆగిపోతుంది. ఆన్-మల్టిపుల్-మ్యాచ్‌కు ఫెయిల్ అని ఇస్తే పైన చెప్పిన ప్రయారిటీ పోటీ ఎర్రరుగా బయటపడుతుంది. ఇవి కావాలంటే శాక్సన్ లాంటి ప్రాసెసర్ ఉండాలి, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే ప్రాసెసర్ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 దగ్గరే ఆగిపోయింది. 1.0 నుంచి పైకి మారేవాళ్లు వాల్యూ-ఆఫ్‌లను ఒకసారి వెతికి చూసుకోవాలి: ఎన్నో నోడ్లు దొరికినా పాతది మొదటిదాన్నే రాసేది, స్టైల్‌షీట్ వెర్షన్‌ను 2.0కో 3.0కో మార్చగానే అన్నింటినీ స్పేస్‌తో కలిపి రాస్తుంది.